దాంపత్యంలో అనుమానం – నలదమయంతుల కథ చెప్పే ధర్మం



ఉదయం నిద్ర లేవగానే స్మరింపదగిన పుణ్యనామాలలో నాలుగింటిని పెద్దలు ఒకే శ్లోకంలో చేర్చి చెప్పారు. కర్కోటకుడు, దమయంతి, నలుడు, ఋతుపర్ణుడు. ఈ నలుగురిని కీర్తిస్తే కలిదోషం నశిస్తుందని ఫలశ్రుతి. మీలో చాలామంది దీనిని చిన్ననాట తాతగారి వద్దనో, అమ్మమ్మగారి వద్దనో నేర్చుకొనే ఉంటారు. అయితే ఈ నలుగురే ఎందుకు? వీరిలో ఒకడు సర్పం. ఒకడు పరాయి దేశపు రాజు. మిగిలిన ఇద్దరు భార్యాభర్తలు. 'కలి' శబ్దానికి కలహమనే అర్థం ఉన్నది. కలహం పోవాలంటే ఒక జంట కథను తలచుకొమ్మన్న పెద్దల అంతరార్థం ఏమిటో ఈ సాయంకాలం కొంచెం విచారణ చేద్దాం.

ఈ కథ మహాభారతంలో అరణ్యపర్వంలో ఉన్నది. జూదంలో రాజ్యం పోగొట్టుకొని అడవిలో ఉన్న ధర్మరాజు, "నా వంటి దురదృష్టవంతుడు లోకంలో ఉన్నాడా?" అని దుఃఖించినప్పుడు, బృహదశ్వ మహర్షి నలోపాఖ్యానం చెప్పి ఊరడించాడు. మన తెలుగులో ఆదికవి నన్నయ భట్టారకుడు 11వ శతాబ్దిలో దీనిని పద్యాలలో అందించాడు. సంస్కృతంలో శ్రీహర్షుడు ఈ కథను తీసుకొని 22 సర్గల నైషధ మహాకావ్యం వ్రాశాడు. దానిని మన శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలిగించాడు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. శ్రీహర్షుని కావ్యం హంస రాయబారంతో మొదలై, స్వయంవరం, వివాహం, నవదంపతుల విహారం దాకా వచ్చి ఆగిపోతుంది. శ్రీనాథుడూ అంతకు మించి పోలేదు. వారి కావ్యాలకు శృంగారం అంగిరసం. కనుక వారికి అంతవరకే పని. వ్యాసభగవానునికి మాత్రం వివాహంతో పని పూర్తి కాలేదు. అసలు కథ ఆయనకు అక్కడ మొదలైంది. సంసారం చేస్తున్న మనకు వ్యాసుడు చెప్పిన ఉత్తరభాగమే ఎక్కువ అవసరం.

ముందు వారి ప్రేమ ఎటువంటిదో చూద్దాం. దమయంతి విదర్భరాజు భీముని కుమార్తె. నలుని గుణగణాలు హంస ద్వారా విని, మనసులో అతనినే వరించింది. స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు వచ్చారు. వచ్చి నలుని రూపమే ధరించి కూర్చున్నారు. సభలో ఐదుగురు నలులు! ఆమె దేవతలకే నమస్కరించి, మీ గురుతులు చూపండి అని ప్రార్థించింది. అప్పుడు తేడా కనిపించింది. దేవతల కనులకు రెప్పపాటు లేదు, ఒంట చెమట లేదు, మెడలోని మాల వాడదు, పాదం నేలను అంటదు, నీడ పడదు. ఐదవవానికి చెమట పట్టింది, రెప్ప వాలింది, మాల వాడింది, ఒంటికి ధూళి అంటింది, నేలపై నీడ పడింది. ఆమె ఆ ఐదవవాని మెడలో మాల వేసింది.

తల్లులారా, ఇది చాలా లోతైన ఘట్టం. దమయంతి వరించినది లోపంలేని దైవాన్ని కాదు. అలసిపోయేవానిని, చెమట పట్టేవానిని, నీడ ఉన్నవానిని వరించింది. నీడ ఉన్నదని తెలిసే మాల వేసింది. మనం వివాహం చేసుకొనేటప్పుడు ఎదుటివారిలో దేవతను చూస్తాము. కొన్నాళ్ళకు నీడ కనిపించగానే మోసపోయామనుకొంటాము. నీడ నిన్న పుట్టినది కాదు. పెళ్ళిపందిట్లోనే ఉన్నది. మనమే చూడలేదు.

ఇక కలి ప్రవేశం. స్వయంవరానికి ఆలస్యంగా బయలుదేరిన కలి, దమయంతి దేవతలను కాదని మానవుని వరించిందని విని అసూయతో మండిపడ్డాడు. అయితే వెంటనే ఏమీ చేయలేకపోయాడు. పన్నెండవ సంవత్సరం దాకా కాచుకొని ఉన్నాడు. ఒకనాడు నలుడు లఘుశంక తీర్చుకొని, కాళ్ళు కడుగుకొనకుండానే సంధ్యోపాసనకు కూర్చున్నాడు. ఆ కొద్దిపాటి సందు చాలింది. కలి అతనిలో ప్రవేశించాడు. తరువాత పుష్కరునితో జూదం, రాజ్యనాశం. దమయంతి బిడ్డలిద్దరినీ సారథి వార్ష్ణేయునితో పుట్టింటికి పంపి, తాను భర్త వెంట కట్టుబట్టలతో అడవికి నడిచింది.

ఇంత ధర్మాత్ముని పతనానికి ఇంత చిన్న కారణమా అని కొందరికి సందేహం. సంసారంలో కలి ఎప్పుడూ సింహద్వారం నుండి రాడు. పెద్ద తప్పులు జరిగినప్పుడు మనమే మేలుకొంటాము. కలి వచ్చేది అలవాటైన పనిలో అజాగ్రత్త ద్వారా. ఊరు నుండి వచ్చిన భార్యను "ఎలా ఉన్నావు?" అని అడగకపోవడం, అలసి వచ్చిన భర్తకు మంచినీళ్ళు ఇచ్చే బదులు లెక్కలు అడగడం, చెప్పవలసిన ఒక మాట రేపు చెప్పవచ్చులే అని దాచడం. పన్నెండేళ్ళ కాపురంలో ఇవి ఎవరికీ లెక్కలోనికి రావు. కలికి వస్తాయి.

అడవిలో ఒక పక్షుల గుంపు నలుని వస్త్రాన్ని కూడా ఎత్తుకొనిపోయింది. ఇద్దరికీ ఒకే చీర మిగిలింది. నలుడు మాటిమాటికీ విదర్భకు పోయే దారి చూపుతూ ఉంటే ఆమెకు గుండె దడదడలాడింది. "నాకెందుకు దారి చూపుతున్నారు? పుట్టింటికే పోవాలంటే ఇద్దరమూ పోదాము" అన్నది. దుఃఖంలో ఉన్నవానికి భార్యను మించిన ఔషధం లేదని కూడా చెప్పింది. కాని ఆ రాత్రి, ఆమె గాఢనిద్రలో ఉన్నప్పుడు, నలుడు ఆ చీరను సగానికి కోసి తాను కట్టుకొని వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు వెనుకకు వచ్చాడు, చూచాడు, ఏడ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. అతని మనసు ఊయల వలె ఊగిందని వ్యాసుడు వర్ణించాడు. చివరకు కలి లాక్కొనిపోయాడు.

మేలుకొన్న దమయంతి ఏమి చేసింది? విలపించింది. తరువాత శపించింది. ఎవరిని? భర్తను కాదు. "నలునికి ఈ దుఃఖం తెచ్చిపెట్టినవాడెవడో, వాడు ఇంతకు మించిన దుఃఖం అనుభవించుగాక" అన్నది. మనిషిని దోషం నుండి వేరుచేసి చూచింది. ఆ శాపమే నలునిలోని కలిని లోలోపల కాల్చింది. కొన్నాళ్ళకు కర్కోటకుడు నలుని కరిచాడు. రూపం మారి వికృతాకారం వచ్చింది. కాని ఆ విషం బాధించినది నలుని కాదు, అతనిలో ఉన్న కలిని. ప్రాతఃస్మరణలో పాముకు చోటు దొరికినది ఇందుకే. కొన్ని బాధలు మనలోని దోషాన్ని కాల్చడానికే వస్తాయి.

నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యరాజు ఋతుపర్ణుని వద్ద అశ్వశాలలో చేరాడు. దమయంతి ఎన్నో కష్టాలు పడి పుట్టిల్లు చేరి, బ్రాహ్మణులను నలుదెసలకూ పంపి వెదికించింది. పర్ణాదుడనే విప్రుడు అయోధ్యలో ఒక సారథి తన ప్రశ్నకు కంటతడితో బదులు చెప్పాడని వార్త తెచ్చాడు. అప్పుడు ఆమె తల్లి సమ్మతితో, తండ్రికి తెలియకుండా, ఋతుపర్ణునికి ఒక కబురు పంపింది. "దమయంతి రేపు సూర్యోదయానికి మరల స్వయంవరం చేసుకొంటున్నది" అని. ఒక్క పగటిలో నూరు యోజనాలు గుఱ్ఱాలను నడపగలవాడు నలుడు తప్ప లోకంలో లేడని ఆమెకు తెలుసు.

ఆ వార్త బాహుకుని చెవిన పడింది. గుండె చీలిపోయింది. ఇప్పుడు అతని ఆలోచనను వ్యాసుడు ఎంత సూక్ష్మంగా చెప్పాడో చూడండి. "దమయంతి ఇటువంటి పని చేస్తుందా? నా కోసం పన్నిన ఉపాయమేమో! లేక స్త్రీ మనసు చంచలమేమో! అయినా నా అపరాధం చిన్నదా? బిడ్డల తల్లి, అటువంటిది చేయదు. ఏది నిజమో పోయి చూస్తేనే తెలుస్తుంది." ఇదీ అతని మథనం.

ఇక్కడ రెండు విషయాలున్నాయి. మొదటిది, విడిచిపోయినవాడు నలుడు, అనుమానించినవాడూ నలుడే. నడిఅడవిలో నిద్రపోతున్న ఇల్లాలిని వదలినవాడు, ఆ ఇల్లాలు తనను వదలిందేమోనని కుమిలిపోతున్నాడు. లోకంలో తరచు జరిగేది ఇదే. తనపై తనకు నమ్మకం పోయినవాడు ఆ లోటును ఎదుటివారిలో వెదుకుతాడు. రెండవది, అతడు అనుమానాన్నే తీర్పుగా భావించలేదు. రెండు పక్షాలూ ఎదుట పెట్టుకొని, పోయి తెలుసుకొందామని బయలుదేరాడు. నలుని గొప్పతనం అక్కడ ఉన్నది.

మేము పాఠశాలలో తర్కం చదువుకొనేటప్పుడు మొదటి గ్రంథం అన్నంభట్టు తర్కసంగ్రహం. అందులో 'అనుమానం' అంటే మనం వాడుకలో అనే అనుమానం కాదు. అది ఒక ప్రమాణం. సత్యాన్ని తెలుసుకొనే సాధనం. కొండపై పొగను చూచి అక్కడ నిప్పున్నదని నిశ్చయించడం అనుమానం. దానికి వ్యాప్తి కావాలి. అనగా పొగ ఉన్నచోట నిప్పు ఉండి తీరుతుందన్న నియతసంబంధం ముందు సిద్ధించి ఉండాలి. ఆ సంబంధం తప్పిపోతే అది హేతువు కాదు, హేత్వాభాసం. హేతువు వలె కనిపించే దోషం. కాలిన ఇనుపగుండులో నిప్పున్నది కాని పొగ లేదు. కనుక నిప్పును చూచి పొగ ఉన్నదనడం చెల్లదు. దీనిని సవ్యభిచారమంటారు.

ఇప్పుడు మన ఇండ్లలోని అనుమానాలను ఈ గీటురాయిపై పెట్టి చూడండి. "ఆయన ఆలస్యంగా వచ్చాడు, కనుక ఎక్కడికో పోయాడు." ఆలస్యానికి బస్సు కారణం కావచ్చు, పై అధికారి కావచ్చు, ఒక మిత్రుని కష్టం కావచ్చు. "ఆమె ఫోనులో నవ్వుతూ మాట్లాడింది, నన్ను చూచి ఆపివేసింది, కనుక ఏదో ఉన్నది." నవ్వుకు, మౌనానికి వేయి కారణాలు. వ్యాప్తి ఎక్కడ? ఇవన్నీ హేత్వాభాసాలు. తర్కంలో హేత్వాభాసంతో వాదం ఓడిపోతాము. సంసారంలో హేత్వాభాసంతో మనిషిని పోగొట్టుకొంటాము.

దమయంతి చేసినదే అసలైన అనుమానం. రథం విదర్భలో ప్రవేశించినప్పుడు ఆ ధ్వని విని, ఇది నలుడు తోలే రథమే అనుకొన్నది. చూస్తే ఋతుపర్ణుడు దిగాడు, వికృతాకారుడైన సారథి దిగాడు. నలుడు కనిపించలేదు. నిరాశపడి ఊరుకోలేదు, తొందరపడి నిశ్చయించనూ లేదు. కేశిని అనే చెలికత్తెను పంపి అతని నడవడిని గమనించమన్నది. వంగకుండానే పొట్టి ద్వారం అతనికి ఎత్తుగా జరగడం, చూడగానే కడవలు నీటితో నిండడం, గడ్డిపరక చేతబట్టగానే మండడం కేశిని చూచి వచ్చి చెప్పింది. అతడు వండిన వంట తెప్పించి రుచి చూచింది. బిడ్డలను పంపింది. వారిని చూచి అతడు గుండెకు హత్తుకొని ఏడ్చి, "నా బిడ్డల వలె ఉన్నారు, అందుకే ఏడ్చాను" అన్నాడు. అప్పుడు తల్లిదండ్రుల అనుమతితో అతనిని తన ఎదుటికి రప్పించుకొన్నది.

ఆ సమావేశంలో ఇద్దరూ ఏమి చేశారు? అడిగారు. ఎదురెదురుగా నిలిచి అడిగారు. "అడవిలో నిద్రించే నిరపరాధిని అయిన భార్యను వదలిపోయిన ధర్మజ్ఞుని ఎక్కడైనా చూచారా?" అని ఆమె అడిగింది. అది కలి చేయించిన పని అని అతడు చెప్పాడు. చెప్పి, తన ముల్లు కూడా బయటపెట్టాడు. "అనురాగం గల భర్తను వదలి ఇంకొకనిని వరించడం ఎట్లా సాధ్యమైంది?" అని అడిగాడు. ఆమె, "విడిచిపోయిన నీవా నన్ను అడిగేది?" అని అనవచ్చు. అనలేదు. "దేవతలను కాదని నిన్ను వరించినదానను. నన్ను శంకించడం తగదు. నిన్ను రప్పించడానికే ఈ ఉపాయం" అని నిజం చెప్పి, వాయువును, సూర్యుని, చంద్రుని సాక్ష్యం పిలిచింది. వాయుదేవుడు ఆకాశం నుండి పలికి, మూడేండ్లుగా ఆమె శీలాన్ని తాము కాపాడుతున్నామని చెప్పాడు. పుష్పవృష్టి కురిసింది. నలుడు కర్కోటకుడిచ్చిన వస్త్రం ధరించి స్వరూపం పొందాడు.

దీనికి ముందే దారిలో ఋతుపర్ణుడు నలునికి అక్షహృదయం అనే విద్య ఇచ్చాడు. ఒక తాండ్రచెట్టు ఆకులు, కాయలు చూపుమాత్రాన లెక్కచెప్పిన విద్య అది. నలుడు రథం ఆపి, దిగి, తానే లెక్కపెట్టి చూచి, సరిపోయిన తరువాత నమ్మాడు. ఆ విద్య ఒంటబట్టగానే కలి విషం కక్కుకొంటూ అతని శరీరం విడిచిపోయాడు. ఊహ పోయి లెక్క వచ్చినప్పుడు కలి నిలువలేడు. నాలుగవ నామమైన ఋతుపర్ణుని స్మరించడంలో నాకు తోచే ఫలం ఇది.

అయితే ప్రేమ ఉన్నచోట ఈర్ష్య సహజం కాదా అని మీరు అడుగవచ్చు. సహజమే. అలంకారశాస్త్రం దానిని కాదనలేదు. విప్రలంభ శృంగారంలో 'మానం' ఒక భేదం. అది ప్రణయమానమని, ఈర్ష్యామానమని రెండు విధాలు. మన నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ అలిగినది ఈర్ష్యామానమే. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును స్వామి రుక్మిణికి ఇచ్చాడని విని కోపగృహం చేరింది. పాదాలపై వాలిన జగన్నాథుని ఎడమకాలితో తోసింది. ఆయన ఆమె పాదం నొచ్చిందేమోనని పరితపించాడు. ఆ ఈర్ష్యలో సత్యభామ అడిగినదేమిటి? స్వామి తనవాడు కావాలన్నది. ఆయన శీలం చెడ్డదని అనలేదు. అలక తలుపు వేసుకొంటుంది, కాని గడియ వేయదు. ఎదుటివాడు వచ్చి తట్టాలన్నదే దాని కోరిక. అనుమానం వేరు. అది గడియ వేసి, కిటికీలోనుండి చూస్తూ ఉంటుంది.

శాస్త్రంలో ఇంకొక మాట ఉన్నది. శృంగారానికి రతి స్థాయిభావం. శంక, అసూయ మొదలైనవి 33 సంచారిభావాలలో చేరినవి. స్థాయి అంటే నిలిచి ఉండేది. సంచారి అంటే వచ్చి పోయేది. ఈర్ష్య, శంక ఇంటికి వచ్చే చుట్టాల వంటివి. రాకుండా చేయలేము. వచ్చినప్పుడు పీట వేయవచ్చు. కాని చుట్టానికి పెత్తనమిచ్చి, ఇంటివారిని అరుగుమీదికి పంపితే ఆ ఇల్లు ఏమవుతుంది? శంక స్థాయి అయిననాడు రతి సంచారి అయిపోతుంది.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక దంపతులు జాతకాలు తీసుకొని నా వద్దకు వచ్చారు. గ్రహస్థితి బాగులేదేమో, శాంతి చేయించాలా అని భర్త అడిగాడు. ఏమి జరిగిందని అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. రెండు పర్యాయాలు ఆమె చెప్పిన చోట లేదట. ఇంటిఖర్చులో డబ్బు తగ్గుతున్నదట. ఆమె తల వంచుకొని అంతా విన్నది. తరువాత అన్నది: "అయ్యగారూ, నామీద నమ్మకం లేకపోతే నన్ను అడగమనండి. ఆరు నెలలుగా అడగకుండా చూస్తున్నారు. అది భరించలేకుండా ఉన్నాను." భర్తతో మాటలులేని తన అన్నకు జబ్బు చేసిందని, చాటుగా వెళ్ళి మందులు కొని ఇస్తున్నానని అప్పుడు చెప్పింది. చెబితే వద్దంటారన్న భయంతో దాచిందట. నేను వారికి చెప్పినది ఒక్కటే. "నాయనా, నీవు అడుగు. అమ్మా, నీవు దాచకు. దాచినది మంచిపనే అయినా, దాచడం అనుమానానికి ఆహారం." ఆయన ఆ జాతకాలను విప్పకుండానే తిరిగి సంచిలో పెట్టుకొన్నాడు.

ఇంకొక మాట చెప్పకుండా ముగించకూడదు. అనుమానం పేరిట భార్యను కొట్టడం, గదిలో బంధించడం, పుట్టింటివారితో మాట్లాడనీయకపోవడం, ఆమె ఫోను లాక్కోవడం కొన్ని ఇండ్లలో జరుగుతున్నది. అటువంటి వానికి పురాణాన్ని అడ్డం పెట్టుకొనే హక్కు లేదు. నలుడు ప్రశ్నించాడు, చేయి ఎత్తలేదు. ఓర్చుకోవడమే పాతివ్రత్యమని కొందరు తల్లులు కూతుళ్ళకు నేర్పుతారు. దమయంతి ఓర్చుకొని ఏమీ ఊరక కూర్చోలేదు. పుట్టిల్లు చేరింది, తల్లికి చెప్పుకొన్నది, మనుషులను పంపింది, భర్తను నిలదీసింది. కష్టంలో ఉన్న ఆడబిడ్డకు ఇంటి తలుపు తెరచి ఉంచడం తల్లిదండ్రుల ధర్మం. గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పిస్తూ 2005లో చట్టం కూడా వచ్చింది. దానిని ఆశ్రయించడం ధర్మవిరుద్ధం కాదు.

మహాశయులారా, మన వివాహంలో వధూవరుల మధ్య తెర పట్టుకొంటారు. సుముహూర్తవేళ జీలకర్ర, బెల్లం తలపై ఉంచగానే దానిని తొలగిస్తారు. ఆ తెరను తొలగించినవారు పెద్దలు. దానిని మరల కట్టకుండా చూచుకోవలసినవారు ఆ ఇద్దరే. సప్తపదిలో ఏడవ అడుగు సఖ్యానికి. మిత్రుని మనం నిఘా పెట్టి చూడము. సందేహం వస్తే భుజంపై చేయి వేసి అడుగుతాము. ఏడవ అడుగు వేసినవారు ఆ మాత్రం చేయలేరా?

చివరకు నలుడు రాజ్యం తిరిగి గెలిచి, తనను ఓడించిన తమ్ముడు పుష్కరుని కూడా క్షమించి, అతని భాగం అతనికి ఇచ్చి పంపాడు. ఇంట్లో నమ్మకం తిరిగి నిలిచినవానికి బయట పగ నిలువలేదు.

కనుక రేపు ఉదయం ఆ నాలుగు నామాలు స్మరించిన తరువాత, మీ ఇంటివారితో చెప్పకుండా దాచిన మాట ఏదైనా ఉంటే చెప్పండి. అడగకుండా మనసులో నలుగుతున్న ప్రశ్న ఏదైనా ఉంటే మెత్తగా అడగండి. పాదప్రక్షాళన వంటి చిన్న పని అది. కలికి సందు లేకుండా చేసేది అదే.

శ్రీ లక్ష్మీనారాయణుల అనుగ్రహం మీ గృహాలలో అన్యోన్యంగా నిలుచుగాక.

స్వస్తి.